మలాకా నేలమాళిగలో మూసుకుపోయిన గాలిదారి

మా చిన్నాన్న అప్పారావు నలభై ఏళ్లు తాపీపని చేశాడు. పాత ఇళ్లకు సున్నపు గార పూయాలంటే ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచేతి పట్టు తప్పాక, మలేషియాలో, కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఉన్న బటాంగ్ బెర్జుంటైలోని ఇంట్లోంచి బయటికి రావడమే మానేశాడు. ఆ సమయంలో మలాకా నుంచి లిలియన్ ఫోన్ చేసింది. ఒకప్పుడు చిన్నాన్న పైగోడలు బాగుచేసిన పాత బార్ ఆమెదే. బార్ కింది నేలమాళిగలో గోడలు నీరు కారుతున్నాయట. దాన్ని కాంక్రీటుతో నింపేయమని ఇంజనీరు చెప్పాడట. సోమవారమే పని మొదలు. "నా సెయ్యే పనిసెయ్యదు, నానొచ్చి ఏటి సేస్తాను?" అన్నాడు చిన్నాన్న. నేనే పట్టుబట్టి బయల్దేరదీశాను.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి కౌలాలంపూర్ దక్షిణ టెర్మినల్‌లో బస్సెక్కాం. టికెట్టు తలా పదిహేను రింగిట్ల లోపే, ప్రయాణం రెండు గంటలు. మలాకా బస్టాండు నుంచి పాత ఊళ్లోకి టౌన్ బస్సులున్నాయి గానీ, చిన్నాన్న ఎక్కువ దూరం నడవలేడని టాక్సీ తీసుకున్నాం. "పొద్దున్నే బార్‌కా, అణ్ణే?" అని తమిళ డ్రైవరు నవ్వాడు. చిన్నాన్న కూడా తమిళంలోనే జవాబిచ్చాడు: "తాగడానికి కాదు తంబీ, గోడకి ఒంట్లో బాగోలేదు."

బార్ ముఖం రెండు తలుపులంత వెడల్పే. లోపలికి వెళ్లేకొద్దీ మాత్రం రైలుపెట్టెలా సాగుతూనే ఉంటుంది. ముందు ఐదడుగుల నడవా, తర్వాత టేకు కౌంటరు, మధ్యలో ఆకాశం కనిపించే చిన్న ముంగిలి. గోడలు డచ్చివాళ్ల నాటి ఇటుకలవి. కౌంటరు వెనక చెక్క మూత ఎత్తితే పదకొండు మెట్లు కిందికి దిగుతాయి. అక్కడ ఇటుక ఉండదు, తూట్లుతూట్లుగా ఉండే ఎర్రరాయి కమాను ఉంటుంది. ఇది సుల్తానుల కాలం నాటిదని వీధిలో చెప్పుకుంటారు. రుజువు చూపే కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

చిన్నాన్న నా భుజం పట్టుకుని దిగాడు. ఎడమచేత్తో గోడను తట్టి, చెవి ఆనించి విన్నాడు. "సిమెంటు ఎవుడు కొట్టినాడు?" అని అడిగాడు. అయిదేళ్ల కిందట ఒక కంట్రాక్టరు పూశాడని మా వెనకే దిగిన లిలియన్ ఒప్పుకుంది. "అదే మరి. రాయికి ఊపిరాడకుండా సేసీసినాడు." గోడ వెంబడే అరచేత్తో తట్టుకుంటూ వెళ్లి, బోలుగా మోగినచోట ఆగి, తన పనిముట్ల సంచి తెరిపించాడు. "అమ్మీ, ఉలి నువ్వు పట్టు. ఇక్కడ కొట్టు."

నేను ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఉలి ఏనాడూ పట్టలేదు. మొదటి రెండు దెబ్బలూ నా వేళ్లమీదే పడ్డాయి. అరగంటకు సిమెంటు పెచ్చు ఊడింది. దాని వెనక జానెడు వెడల్పున చతురస్రపు రంధ్రం, నిండా మట్టీ రాళ్లూ. తవ్వుకుంటూ పోతే అది పైన ముంగిలిలోకి తేలింది. చల్లటి గాలి ఒక్కసారిగా నా మొహానికి తగిలింది. "కట్టినోడు పిచ్చోడు కాదు. గాలికి దారెట్టినాడు" అన్నాడు చిన్నాన్న. ఆయన కళ్లు తడిశాయి. లిలియన్ అక్కడే నిలబడి ఇంజనీరుకు ఫోన్ చేసి, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి చెప్పింది. "సోమవారం వద్దు లా. మూడు నెలలు ఆగు, గోడ ఆరుతుందేమో చూద్దాం."

మూడు నెలలు గడిచాయి. సిమెంటు మొత్తం తీసేసి సున్నపు గార పూశారు. గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు గానీ నీరు కారడం ఆగింది. చిన్నాన్న ఇప్పుడు నెలకోసారి మలాకా వెళ్లి, కుర్చీలో కూర్చుని ఇద్దరు మేస్త్రీలకు గార కలపడం నేర్పుతున్నాడు. చెయ్యి ఇంకా సరిగ్గా మూసుకోదు. మొన్న ఫోన్‌లో చేతి సంగతి ఎత్తనేలేదు, సున్నంలో ఇసుక ఎక్కువైందని వాళ్లను తిట్టిన సంగతే చెప్పాడు. ఒక కట్టడాన్ని కాపాడడమంటే దాన్ని కట్టినవాడి ఆలోచనను నమ్మడమేనని ఉలి పట్టిన ఆ రోజే నాకు తెలిసింది.

మీరు వెళ్తే బార్ తెరిచే సాయంత్రం నాలుగు గంటలకన్నా ముందే వెళ్లి మాళిగ చూపించమని అడగండి. ఊళ్లోని నదికి సముద్రపు పోటు లేని వేళ చూసుకోండి, పోటప్పుడు మాళిగలో చెమ్మ పెరుగుతుంది; జారని చెప్పులు వేసుకోండి. చివరి మెట్టు దగ్గర తల వంచడం మరిచిపోకండి.