నీరు తీయొద్దన్న మడి

1979 జూన్‌లో నాకు విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలకు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు విభాగానికి బదిలీ అయింది. హోదా టెక్నికల్ ఆఫీసర్. అంటే అసిస్టెంట్లకు పై మెట్టు, సైంటిస్టులకు కింది మెట్టు. ఫోటో బాగా వస్తే పేరు సైంటిస్టుది, రాకపోతే తప్పు నాది. అదురు తగలకూడదని యంత్రాన్ని నేలమాళిగలో పెట్టారు. అయినా పోర్టుకు ఇనుప ఖనిజం మోసే గూడ్సు కదిలితే తెర మీద బొమ్మ వణికేది. రైలు పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

వరికి ఎండాకు తెగులు తెచ్చే బాక్టీరియా ఒకటుంది. ఆ బాక్టీరియాను చంపే వైరస్ మీద మా పని. దాన్ని ఫేజ్ అంటాం. తెగులున్న మడి నీటిలో అది దొరుకుతుంది. ఆ నీటిని వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి, అడుగున చేరిన దానిలో ఒక్క చుక్క కందిగింజంత రాగి జల్లెడ మీద వేస్తాం. పైన యురేనియం లవణం పూస్తే చుట్టూ నల్లబడి వైరస్ తెల్లగా మిగులుతుంది. పలకలు తేలిన తల, దానికింద తోక, తోక చుట్టూ ఒక తొడుగు. ఫేజ్ బాక్టీరియా మీద వాలి పని మొదలుపెట్టాక ఆ తొడుగు, చొక్కా చెయ్యి మడిచినట్టు, పైకి ముడుచుకుంటుంది. ముడుచుకోని తోకను కొలిస్తే గాని నిర్మాణం తేలదు. కరెంటు కోతలకు ఫ్రిజ్‌లో నిల్వ ఉంచిన నమూనాలు పాడై, మాకు కనబడేవన్నీ ముడుచుకున్న తోకలే. తాజా నీరు కావలసి వచ్చింది.

ఆ వానాకాలంలో, గోపాలపట్నం దాటాక ఒక ఊళ్లో సన్యాసినాయుడనే రైతు మడికి ఈ తెగులు తగిలిందని తెలిసింది. నేను వెళ్లేసరికి ఆయన పార పట్టుకుని గట్టు మీద ఉన్నాడు. మడిలో నీటిని పక్కనున్న మురుగు కాలవలోకి తీసేయాలని గండి కొట్టబోతున్నాడు. ఆ నీరు నిలవుంటే తెగులు దిగువ మడులకు పాకుతుంది. ఆ మడులు ఆయన బావమరిది రామునాయుడివి.

సీసాలు నింపుకుని, ఒక ఖాళీ సీసా ఆయన దగ్గర ఉంచి, నీటికి మళ్లీ వస్తామని, మేం చెప్పేదాకా నీరు తీయొద్దని అన్నాను. డైరెక్టర్ గారి ఆదేశం అది.

“రేడియోలో మీ పెద్దాయనే గదేటి నీరు తీసీమన్నాడు? ఇప్పుడు మీరొచ్చి ఉంచమంటన్నారు. ఏది సెయ్యమంతారు బాబూ?” అన్నాడాయన.

నిజమే. చెప్పేవి శ్రీరంగ నీతులు అన్నట్టు, రేడియోలో డైరెక్టర్ గారి నోట జిల్లా మొత్తానికి ఒకటి చెప్పి ఈ ఒక్క మనిషికి వేరొకటి చెబుతున్నాం. వారం ఓపిక పడితే మీ తెగులు సంగతి తేలుతుందన్నాను. తేలేది తోక పొడవని నాకు తెలుసు. ఆయన పార కింద పెట్టాడు. “సరే, మాటిచ్చినాను. మీరు సెప్పేదాక తియ్యను.”

మొదటి సీసాల్లో రెండు మూడు మంచి తోకలు కనబడ్డాయి గాని ఫోటో తీసేలోపు గూడ్సు వచ్చింది. ఈలోగా వాయుగుండం కబురు. గండి కొట్టమని మనిషిని పంపనా అని డైరెక్టర్ గారిని అడిగాను. ఇంకో రెండు సీసాలు వచ్చాక చూద్దామన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆ తోక నాకూ కావాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు చూడండి, అందులో పిల్లిని నేనే.

వానకు దార్లు తెగి, మళ్లీ ఆ ఊరు చేరేసరికి చాలా రోజులైంది. పై మడి నీరు గట్టు పొర్లి దిగువకు పోయింది. రామునాయుడి వరి ఆకులు అంచుల నుంచి ఎండి గడ్డి రంగుకు తిరిగాయి. ఆయన గట్టు మీద నిలబడి, “తెలిసి తెలిసి నీరొదిలీసినావు బావా, మా కడుపు కొట్టీసినావు” అంటున్నాడు. సన్యాసినాయుడు మా పేరెత్తలేదు. నన్ను చూసి కూడా వానదే తప్పన్నాడు. నేను ఆ పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

రామునాయుడు వెళ్లాక సన్యాసినాయుడు తన ఇంటి చూరు కింద నుంచి మా సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. “వానకి ముందే నింపీసినాను బాబూ. ఇంక నీరు తీసీమంతారా?”

అప్పటికీ ఆయన మా మాట కోసమే ఆగి ఉన్నాడు. తియ్యమన్నాను. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

మాకు కావలసిన తోక ఆ సీసాలోనే దొరికింది. నిటారుగా, తొడుగు ముడత లేకుండా, కొలతకు సరిగ్గా కుదిరింది. ఫోటో పత్రికలో అచ్చయింది. కింద ‘తెగులు సోకిన మడి నీటి నుంచి’ అని రాశారు. దిగువ మడులకు ఎలా సోకిందో రాసే చోటు అక్కడ ఉండదు.

కోతల రోజుల్లో వెళ్లి రామునాయుడికి జరిగినదంతా చెప్పాను. ఆయన తాలు కంకులు చేత్తో నలుపుతూ విన్నాడు. “ఈ ముక్క ఆ రోజే సెప్తే మా బావని అన్నేసి మాటలు అనకపోదును” అన్నాడు. ఆ రెండిళ్ల మధ్య రాకపోకలు అప్పటికే ఆగిపోయాయి.

నమూనా కావలసినవాడు రైతుకు సలహా చెప్పకూడదు; అతని అవసరం సలహాలోకి చొరబడుతుంది. ఆ తరువాత నా కింద పనిచేసిన వాళ్లను పొలాలకు పంపేటప్పుడు పెద్ద సీసాలు ఇచ్చేవాణ్ణి. మొదటి రోజే నింపుకుని, దగ్గరుండి గండి కొట్టించి రమ్మనేవాణ్ణి.