చొక్కా అంచు లాగితే ఎవరు? మూడు యాప్‌లతో బాపట్ల మీదుగా రేపల్లెకు

ఈ ఉదయం అన్నయ్య నోట్లో టూత్‌బ్రష్ ఉంది. అయినా వదినతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి, వీడియో కాల్‌లో రెండు చేతులతో ఏదో చెప్పి, నురగ కారేంతగా నవ్వాడు. పక్కనే కాఫీ కలుపుతున్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నయ్యకు పుట్టుకతోనే వినపడదు, వదినకూ అంతే. ఇద్దరూ బాపట్లలో బధిరుల బడిలో హాస్టల్లో ఉండి చదివారు. ఇంట్లో మేము అన్నయ్యతో వాడేవి మేమే కల్పించుకున్న కొన్ని సైగలు: అన్నం, డబ్బులు, కరెంటు పోయింది, నాన్న పిలుస్తున్నాడు. సంజ్ఞా భాష అంటే అదేననుకున్నాను. ఈ వేసవిలో పెళ్లయి వదిన మా తెనాలి ఇంటికి వచ్చాకే, అన్నయ్యకు మేమెరగని పూర్తి భాష ఒకటి ఉందని తెలిసింది. భోజనాల దగ్గర వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే అమ్మ, నాన్న, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. ఆ నవ్వు మమ్మల్ని చూసేనా? ఆషాఢానికి వదిన పుట్టింటికి రేపల్లె వెళ్లింది. తను తిరిగి వచ్చేలోపు నేను ఆ కబుర్లలోకి వెళ్లాలి. అందుకని ఫోన్‌లో మూడు యాప్‌లు దించుకున్నాను. వాటిలో ఏది ఉంచుకోవాలో చెప్పగలిగేది వదినే.

తెనాలి నుంచి రేపల్లెకు నేరుగా రైలుంది. నేను చుట్టూ తిరిగి వెళ్లాను, ఎందుకంటే అన్నయ్య హాస్టల్ స్నేహితుడు ప్రసాద్ బాపట్ల స్టేషన్ దగ్గర టిఫిన్ బండి నడుపుతాడు. నేర్చుకున్నది ముందు అతని దగ్గర చూపించి చూద్దామని. ఏడు దాటాక రైలెక్కితే ఎనిమిదిన్నరకల్లా బాపట్లలో ఉన్నాను. జనరల్ టికెట్టు నలభై రూపాయల లోపే. దారంతా మొదటి యాప్ తీసి అక్షరాలు మననం చేసుకున్నాను. రంగురంగుల బొమ్మలు, రోజుకో పతకం, పైసా ఖర్చు లేదు. అక్షరాలన్నీ ఒంటి చేత్తోనే.

బండి దగ్గర ప్రసాద్ దోసెలు పోస్తుంటే, అతని భార్య డబ్బులు తీసుకుంటోంది. ఆమెకు వినపడుతుంది. నేను అన్నయ్య ఫొటో చూపించి, ఒక్కో అక్షరంగా నా పేరు చెప్పాను. ప్రసాద్ చివరిదాకా శ్రద్ధగా చూసి, నా ప్లేటులో ఇంకో గరిటె చట్నీ వేశాడు.

"చట్నీ అడిగావనుకున్నాడమ్మా," అని ఆమె పకపకా నవ్వింది. భర్త చేతులు చూసి, "అది అమెరికా వాళ్లదంట. మన అక్షరాలు చాలావాటికి రెండు చేతులూ కావాలంట. ఒంటి చేత్తో అయితే సగం మాటే," అంది.

నా పతకాలన్నీ చట్నీలో కలిశాయి. అప్పుడు ప్రసాద్ నన్ను చూపించి, తన చొక్కా అంచును నడుము పక్కన రెండు వేళ్లతో పట్టుకుని రెండుసార్లు కిందికి లాగాడు. నా కుర్తాకు ఏమైనా అంటిందేమోనని చూసుకున్నాను. కాదన్నట్టు తలూపి మళ్లీ లాగాడు.

"ఏంటండీ అది?" అని అతని భార్యను అడిగాను.

"ఏమోనమ్మా. మీ అన్నయ్య పెళ్లి ఫొటోల్లో నిన్ను చూసినప్పుడు కూడా ఇట్టాగే లాగాడు. అడిగితే నవ్వుతాడు, చెప్పడు. మీ వదిననడుగు. ముందు దోసె తిను, చల్లారిపోద్ది."

రేపల్లె బస్సు చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది. రెండు గంటలు పెట్టుకోండి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు ఇస్తారు. కూర్చోగానే రెండో యాప్ తెరిచాను. అది మన దేశపు సంజ్ఞల నిఘంటువు, బోలెడన్ని మాటలు, ఉచితం. "చొక్కా" చూశాను, "లాగడం" చూశాను, "అంచు" చూశాను. ఏదీ ప్రసాద్ చేసినట్టు లేదు. కర్లపాలెం దాటాక నెట్ పోయి, వీడియో గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. మూడోదీ మన సంజ్ఞలదే, కానీ దానికి నెలకింతని కట్టాలి. ఉచితంగా ఇచ్చిన నాలుగు పాఠాలు ముందే దించుకున్నాను కనుక అది ఆడింది, కానీ అందులో పలకరింపులు తప్ప ఏమీ లేవు. నాకు నేనే ఆ సైగ చేసి చూసుకుంటుంటే పక్క సీటులో పెద్దావిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏంటమ్మాయ్, ఎక్కిన కాణ్ణుంచి అంచు లాక్కుంటున్నావు? కుట్టూడిందా? పిన్నీసు ఇయ్యనా?"

కాదని చెప్పడానికి మొహమాటపడి పిన్నీసు తీసుకున్నాను.

రేపల్లెలో వదిన వాళ్ల ఇల్లు బస్టాండుకు నడిచేంత దూరమే. గోంగూర పప్పుతో భోజనం పెట్టి, వదిన వాళ్లమ్మ, అత్తయ్యగారు, మా మధ్య కూర్చున్నారు. కూతురి చేతులు చెప్పేది ఆవిడే మాటల్లోకి తెస్తారు. యాప్‌ల సంగతి చెప్పగానే ముక్కు మీద వేలేసుకున్నారు. "ఫోన్లో వచ్చేస్తదా? మా పిల్లతో ఒక్క పోట్లాట పెట్టుకో, అదే వచ్చేస్తది!"

వదిన మాత్రం ఫోన్ అందుకుంది. ఒక్కో వీడియోలో మనిషి చేతులు కనపడకుండా తెర మీద తన అరచెయ్యి అడ్డంపెట్టి, ముఖం మాత్రమే చూసింది. నిఘంటువులో సంజ్ఞలు చేసే ఆయన కదలని ముఖం చూసి, ఇస్త్రీ చేస్తున్నట్టు చేత్తో గాల్లో రుద్దింది. మూడో యాప్‌లో నేర్పే అమ్మాయి కనుబొమలు ఎగిరాయి, బుగ్గలు పొంగాయి. వదిన తలూపింది.

"ప్రశ్నో కోపమో ముఖమే చెప్పాలంట," అన్నారు అత్తయ్యగారు. "నీ ముఖం కూడా తలుపేసిన ఇల్లులా ఉందంటోంది. ఏమనుకోకమ్మా."

కాన్వెంటులో పదేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నదాన్ని. వదిన వేళ్లతో నా కనుబొమలు రెండూ పైకెత్తింది. అలాగే ఉంచి, ప్రసాద్ చేసినట్టు నా కుర్తా అంచు రెండుసార్లు లాగి చూపించాను.

వదిన విరగబడి నవ్వింది. గరిటె నుంచి అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూపించింది: అది మా అమ్మ. కళ్లజోడు కోసం జేబులు తడుముకుంది: మా నాన్న. తర్వాత అంచు లాగి నన్ను చూపింది.

"అది నీ పేరంట," అన్నారు అత్తయ్యగారు. "హాస్టలంతా నిన్ను అట్టాగే అనేవాళ్లంట. ఎందుకో మీ అమ్మనడగాలంట."

మా అందరికీ పేర్లున్నాయంటే, భోజనాల దగ్గర మా గురించే నవ్వుకునేవాళ్లు. నా అనుమానం నిజమే.

సాయంత్రం రేపల్లె నుంచి తెనాలికి రైల్లో వచ్చాను. ఇది పది రూపాయల ప్రయాణం, కిటికీ సీటు సులువుగా దొరుకుతుంది. మూడో యాప్‌కు నెల డబ్బు కట్టాను, మొదటిది తీసేశాను. నిఘంటువు ఉంచుకున్నాను, మాటలకు అదీ కావాలి. కానీ నాకు అన్నిటికంటే ముందు కావలసిన మాట మూడింటిలోనూ లేదు. నేను పుస్తకాల్లో తలదూర్చి అన్నయ్యతో నాలుగు సైగలతో సరిపెట్టుకున్న ఏళ్లలో, అతను హాస్టల్లో నా గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. సంజ్ఞా భాష యాప్ ఎంచుకునేవారికి ఒక సలహా: అది మన దేశపు సంజ్ఞలదో కాదో చూసుకోండి, తర్వాత తెర మీద చేతులు మూసి ముఖం చూడండి. ముఖంలో ఏమీ కదలకపోతే వదిలేయండి.

ఇంటికి రాగానే అమ్మకు అంచు లాగి చూపించాను. నాకు మూడేళ్లప్పుడు అన్నయ్యను బాపట్ల బడిలో దింపడానికి నన్నూ తీసుకెళ్లారట. గేటు దగ్గర అతని చొక్కా అంచు నేనెంతకీ వదలకపోతే, విప్పి నా చేతికే ఇచ్చేశాడట. అన్నయ్య ఆ బడిలోకి బనీనుతో వెళ్లాడు.