అగ్గిపుల్ల పట్టని నోరు

గోరంట్ల బస్టాండు పక్కన టిఫిన్ హోటలు నడిపే గంగాధరప్పకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. ప్రాణమున్నది ఏది ఎదురైనా ముందు దాని నోరు ఎంతుందో చూసేవాడు. ముఖం, పేరు, ఊరు అన్నీ తరువాతి సంగతి. కొలవడానికి టేపులూ స్కేళ్ళూ అక్కర్లేదు, కుడి చెవి మీద ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల ఉండేది. ఆ పుల్ల తల పట్టేంత నోరున్న చేపకు తన గాజుతొట్టిలో చోటు లేదన్నది ఆయన చట్టం. ఆ చట్టం చేపల దగ్గరే ఆగి ఉంటే యేసన్నకు ఇంత బాధ ఉండేది కాదు.

యేసన్న బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కు. ఇంజన్ల మోతలో మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు. హోటల్లో కూర్చుని చట్నీ అడిగితే బస్టాండులో కండక్టరు వెనక్కి తిరిగేవాడు. రోజూ పొద్దున్నే వచ్చి, ఉగ్గాని తింటూ, ఉన్నచోటు నుంచే ఊరందరినీ పలకరించేవాడు. మనిషి మంచివాడే. నోరే మంచిది కాదు.

ఆ తొట్టి రెండువేల ఆరులో వచ్చింది. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేస్తున్న చుట్టాలు పారేస్తామంటే గంగాధరప్ప దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పక్కన నీళ్ళ బక్కెట్టు, అందులో మొక్కలు, నాచు, నాచులో వేలిగోరంత ఎర్ర రొయ్యలు. చిక్కబళ్ళాపురం దాటాక ఒక గుంత దగ్గర బస్సు ఎగిరితే బక్కెట్టు నీళ్ళు సగం ముందు సీటాయన మెడ మీద పడ్డాయి. గంగాధరప్ప ఆయనకు సారీ చెప్పలేదు. ఆయన చొక్కా కాలరులో రొయ్యలేమైనా ఉన్నాయా అని వెతికాడు.

తొట్టిని రోడ్డుకూ, లోపలి మూల బెంచీకీ నడుమ నిలబెట్టాడు. నెల తిరిగేసరికి లోపల మొక్కలు గుబురుగా పెరిగాయి. టిఫినుకు వచ్చినవాళ్ళు అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్ళు.

"ఏమప్పా, ఇందులో చేపలు యాడ?"

"ఇంగా సంబంధం కుదరలేదు."

నిజంగానే పెళ్ళి సంబంధం వెతికినట్టు వెతికాడు. యేసన్న మోటారు సామాన్ల కోసం బెంగళూరు పోయినప్పుడల్లా ఆయనా బస్సెక్కేవాడు. చేపల దుకాణాల్లో అద్దం ముందు పుల్ల పట్టుకుని, చేప వచ్చి నోరు తెరిచేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. దుకాణంవాడు ఏంజెల్ చేపను చూపించి, చాలా శాంతమైన జాతి, పిల్లలున్న ఇంట్లోనూ పెట్టుకోవచ్చు అన్నాడు.

"శాంతమే. నోరు?"

"చిన్నదే సార్."

గంగాధరప్ప అద్దం దగ్గర పుల్ల ఆడించాడు. చేప ఆవులించింది.

"ఇది నోరా, మా ఊరి దిగుడుబావా? పెద్ద రొయ్య ఎట్లన్నా తప్పించుకుంటాది. వాటి పిల్లలు ఈ పుల్ల తలంత ఉంటాయి, అవి యాడికి పోవల్ల?"

ఫైటర్ చేపను పేరు విని వద్దన్నాడు. గోల్డు ఫిష్ ఈరోజు చిన్నదే గానీ రేపు పెద్దదవుతుంది, పెద్దదయ్యాక మాట వినదన్నాడు. గప్పీలు పెద్ద రొయ్యల జోలికి పోవని దుకాణంవాడు ఒట్టు పెట్టుకుంటే, "మరి పిల్లల జోలికి?" అని అడిగాడు. దుకాణంవాడు ఒట్టు వెనక్కి తీసుకున్నాడు. గంగాధరప్ప ఖాళీ చేతుల్తో బస్సెక్కి, ఎంతో సాధించినట్టు నిద్రపోయాడు.

చివరికి ఆయన భార్య నల్లమ్మ అక్కకూతురి పెళ్ళిచూపులకూ ఇదే కొలత వచ్చిపడింది. పెళ్ళికొడుకు లడ్డును ఒక్కసారిగా నోట్లో వేసుకున్నాడు. గంగాధరప్ప చెవి మీద పుల్ల తడుముకుని, "ఈ సంబంధం వద్దు" అని లేచి వచ్చేశాడు. పెళ్ళి జరిగింది, వాళ్ళు బాగానే ఉన్నారు. నల్లమ్మ మాత్రం పెనం మీద దోసె తిప్పినప్పుడల్లా ఆ లడ్డును తలుచుకునేది.

"ఈయప్ప అగ్గిపుల్ల నోళ్ళు కొలిచేదానికే సరిపాయె. పొయ్యికి నేను యాడ తెచ్చుకోవల్ల?"

ఇక మనుషుల సంగతి. తొట్టి వెనక బెంచీ మీద ఇద్దరికే చోటు. అక్కడ ఎవరు కూర్చోవాలో గంగాధరప్పే చెప్పేవాడు. గుమ్మంలో మనిషిని ఒక చూపు చూసి "లోపలికి పో" అనో, "ఈడ కూర్చో" అనో అనేవాడు. యేసన్నను ఎప్పుడూ రోడ్డు పక్కనే. తమ పేటవాళ్ళని దూరం పెడుతున్నాడేమో అని యేసన్నకు మొదట అనుమానం కలిగింది. కానీ అదే పేట ఆంజి వారంలో సగం రోజులు ఆ బెంచీ మీదే ఉండేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"అన్నా, నేను లోపల ఎందుకు కూర్చోగూడదు?"

"నీకు ఆడ కుదరదు."

"ఎందుకు కుదరదో చెప్పు."

గంగాధరప్ప చెవి మీది పుల్ల తీసి యేసన్న ముఖం ముందు పట్టుకున్నాడు. హోటలంతా నవ్వింది. యేసన్న నవ్వలేదు. ఆ పుల్ల దేన్ని గుర్తు చేస్తోందో అతనికి తెలుసు.

తొట్టి రాకముందు ఒకరోజు, ఓబన్న అనే రైతు ఇదే హోటల్లో దోసె తింటున్నాడు. అంతకుముందే ఆయన నీళ్ళ జాడ కోసం కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిచి, కాయ నిలబడ్డ చోటల్లా బోరు వేయించాడు. ఏ బోరులోనూ చుక్క నీళ్ళు పడలేదు, దుమ్ము లేచింది. యేసన్న అలవాటుగా ఈ చివర నుంచి ఆ చివరకు అరిచాడు. "ఏమప్పా ఓబన్నా, కాయ నిలబడిన చోటంతా దుమ్మేనంట కదా. ఆ కాయతో చట్నీ అన్నా చేసుకోకపోయినావా?" అందరూ నవ్వారు. ఓబన్న కూడా నవ్వాడు. నవ్వి, దోసె సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆ పొద్దే ఎద్దులను సంతకు తోలి అమ్మేసి వచ్చాడని యేసన్నకు తరువాత తెలిసింది. వారం తిరక్కముందే ఓబన్న ఇంటికి తాళం వేసి, పెళ్ళాంతో బెంగళూరు బస్సెక్కాడు.

ఆ మాట వెనక్కి వస్తే బాగుండునని యేసన్న ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. బెంగళూరులో సామాన్లు కొన్నాక, కడుతున్న మేడల ముందు కూర్చున్న వాచ్‌మెన్ల ముఖాలన్నీ చూసుకుంటూ పోయేవాడు. ఒక్కటీ ఓబన్నది కాదు. కనబడితే ఏం చెప్పాలో కూడా తెలియదు, కానీ చూడకుండా ఉండలేకపోయేవాడు.

ఒకరోజు తొట్టి నీళ్ళ మీద తెల్లటి రొయ్య ఆకారం తేలుతూ కనబడింది. యేసన్న వంటింట్లోకి చూసి కేకేశాడు.

"అన్నా, రొయ్య సచ్చిపోయిందే."

"సావలేదు. అది దాని పొట్టు. పెరిగేటప్పుడు పాతది ఇడిసేస్తాది. కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళు మెత్తగా ఉంటాది, నాచులో దాక్కుంటాది. ఆ రెండు దినాలు ఎవురి నోరూ దాని దగ్గరికి రాకూడదు. అంతే, మళ్ళీ తిరుగుతాది."

గంగాధరప్ప ఇది మామూలుగా, ఇడ్లీ ప్లేట్లు తుడుస్తూ చెప్పాడు. యేసన్న తొట్టి వెనక్కి చూశాడు. చెనక్కాయ పంట పోయిన ఒకాయన అక్కడ తలవంచుకుని తింటున్నాడు. మొక్కల గుబురు వల్ల రోడ్డు మీదివాళ్ళకు ఆ మనిషి కనిపించడు. యేసన్న లేచి నల్లమ్మ దగ్గరికి పోయి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అడిగాడు.

"వదినా, ఈ తొట్టి అందుకే తెచ్చినాడా?"

"మరేమనుకుంటివి? గోడ కట్టించు అంటి. గోడ కడితే దాక్కున్నారనుకుంటారంట జనం. తొట్టి పెడితే చేపల్ని చూసేదానికి కూర్చున్నారనుకుంటారంట. ఈయప్ప బుర్ర అట్ల పనిచేస్తాది. ఆ ఓబన్న పోయినప్పటి నుంచి నిద్ర లేదు ఈయనకు, నా హోటల్లోనే జరిగిందే అని."

తన నోటి వల్ల ఇంకొకాయనకు నిద్ర లేకుండా పోయిందని అప్పుడు తెలిసింది యేసన్నకు. ఆ తరువాత రోడ్డు పక్క బల్ల ఇచ్చినా గొణగలేదు. గొంతు పూర్తిగా తగ్గిందని చెప్పలేం గానీ, నోరు తెరిచే ముందు ఒకసారి ఆ బెంచీ వైపు చూడడం నేర్చుకున్నాడు.

చేపలు కూడా ఆ మధ్యే కుదిరాయి. అద్దానికి అతుక్కుని పాచి గీక్కుని తినే బుల్లి చేపలు. నోరు కిందివైపు ఉంటుంది. గంగాధరప్ప వాటి ముందు ఎంతసేపు పుల్ల ఆడించినా అవి పుల్లను పట్టించుకోకుండా అద్దమే నాకాయి. "నోరు లేక కాదు, దాన్ని ఎదుటోళ్ళ మీదికి తేవు" అని మురిసిపోయాడు. వచ్చినవాళ్ళు మాత్రం ఆకుల్లో వాటిని కనుక్కోలేక, చేపలు యాడ అని అడుగుతూనే ఉన్నారు.

ఆ మరుసటి ఏడు వాన పడింది. ఒక పొద్దున యేసన్న ఉగ్గాని నోట్లో పెట్టుకోబోతూ రోడ్డు వైపు చూస్తే, సంచి పట్టుకుని ఓబన్న నిలబడి ఉన్నాడు. చేను చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు. లోపల ఎవరెవరున్నారో చూస్తున్నాడు. యేసన్న నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ప్లేటు చేత్తో పట్టుకుని వంటింటి తలుపు వైపు నడిచాడు. గంగాధరప్ప అడ్డం నిలబడ్డాడు.

"యాడికి పోతాండావ్?"

"ఎనక దోవన పోతానన్నా. నేనుంటే ఆయప్పకు ముద్ద దిగదు. తిననీ."

గంగాధరప్ప చెవి మీద చెయ్యి పెట్టాడు. యేసన్న కొలతకు సిద్ధపడ్డాడు. పుల్ల మాత్రం కిందికి దిగలేదు.

"పో, బెంచీ మీద కూర్చో."

"ఆడ ఆయప్పను కూర్చోబెట్టల్ల కదా."

"ఇద్దరికీ సరిపోతాది."

యేసన్న కూర్చున్నాడు. కాసేపటికి గంగాధరప్ప ఓబన్నను తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టి, దోసె పెట్టి పోయాడు. గోరంట్ల మండలంలో ఎవరితోనైనా మాట కలపగలిగిన యేసన్న ఉగ్గానిలో మిరపకాయ ముక్కలు ఏరుతూ కూర్చున్నాడు. ఓబన్న సగం దోసె తిని తొట్టిలోకి చూశాడు.

"ఇందులో చేపలు యాడ?"

"ఉండాయి. గమ్మున చూస్తే కనపడతాయి."

ఇద్దరూ గమ్మున చూశారు. ఒక ఆకు కింద బుల్లి చేప పాచి గీకుతోంది. దాని వీపు మీద నుంచే ఒక రొయ్య పిల్ల నడిచిపోయింది. చేప కదల్లేదు.

"ఓబన్నా," అన్నాడు యేసన్న. "ఆ పొద్దు నేను..."

"చేసినాంలే."

"ఏమి?"

"చట్నీ. నువ్వు చెప్పినట్లే, ఆ కాయతోనే. బెంగళూరు పోయే ముందర మా ఇంటామె చేసింది." ఓబన్న మిగిలిన దోసె తుంచుకున్నాడు. "కారం ఎక్కువైంది. ఇద్దరికీ కండ్లల్లో నీళ్ళు వచ్చినాయి. కారానికే అనుకున్యాం."

యేసన్న తల వంచుకున్నాడు. ఓబన్న తన ప్లేటులో చట్నీ సగం తీసి అతని ఉగ్గాని పక్కన వేశాడు.

"తినప్పా. ఇది బాగుండాది."

అంత చిన్న గొంతుతో యేసన్న నవ్వడం హోటల్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. రోడ్డు మీదికైతే అసలు వినబడలేదు.

వంటింట్లో పొయ్యి ఆరిపోయింది. నల్లమ్మ అగ్గిపెట్టె తెరిచి, అది ఖాళీగా ఉంటే మొగుడి చెవి మీది పుల్ల లాక్కుంది. గంగాధరప్ప ఈసారి అడ్డు చెప్పలేదు. ఆమె ఒకటికి నాలుగుసార్లు గీసింది. ఏళ్ళ తరబడి చెవి చెమటకు నానిన పుల్ల అంటుకోలేదు.