ఆకుపచ్చ గాజు వెనక పిల్లలు

2022 ఆగస్టు. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మధ్య కొత్తగా కట్టిన చిన్న ప్రసూతి ఆసుపత్రి. నేను ఏలూరులో ఉంటూ డేలైట్ సిమ్యులేషన్ చేస్తాను. భవనం లేవకముందే దాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టి, ఏ గదిలోకి ఏ వేళకు ఎంత వెలుగు వస్తుందో లెక్కగట్టడం నా పని.

ఆ ఆసుపత్రిలో బాలింతల వార్డు తూర్పు ముఖం. ఎదురుగా చెరువు. పొద్దుటి ఎండ నీళ్ళ మీద పడి సూటిగా కళ్ళలోకి కొడుతుంది. దీన్ని మేం గ్లేర్ అంటాం. అది తగ్గడానికి ఆకుపచ్చ టింటెడ్ గ్లాస్ వేయమన్నాను. లెక్కలో గ్లేర్ తగ్గింది, వెలుగూ సరిపోయింది. రిపోర్టు ఇచ్చేశాను.

వార్డు తెరిచిన పది రోజులకు, వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పట్టుకుని వెళ్ళాను. ప్రతి మంచం దగ్గరా అంకె నా లెక్కకు దగ్గరగానే వచ్చింది. సంతోషంగా రాసుకుంటుంటే హెడ్ నర్సు సువార్త గారు వచ్చి పక్కన నిలబడ్డారు. పెద్దావిడ, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"వెలుతురు బాగానే ఉందండీ. కాకపోతే ఈ గదిలో పిల్లలందరూ నాకు ఒకే రంగులో కనిపిస్తున్నారు. నా కళ్ళే పాడయ్యాయేమో అనుకుంటున్నా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ నాగమణి అనే బాలింత పక్కలోంచి మూడు రోజుల పాపను ఎత్తుకుని బయట వరండాలోకి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. ఆరుబయటి వెలుగులో పాప నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి తీశారు. నొక్కిన చోట చర్మం పసుపు పచ్చగా ఉంది. తర్వాత పొట్ట. తర్వాత కాళ్ళు.

"పసుపు మోకాళ్ళ దాకా దిగిందండీ," అన్నారు.

పుట్టిన పిల్లలకు కామెర్లు చాలామందికి వచ్చి పోతాయి. హద్దు దాటితే మాత్రం మెదడు దెబ్బతింటుంది. రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టరు గారు పాపను కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పెట్టించారు. "సాయంత్రానికి తగ్గకపోతే ఏలూరు పంపాలి. రక్తం మార్చాల్సి రావచ్చు," అన్నారు.

వరండాలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. సాఫ్ట్‌వేర్‌లో గాజు గుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఎంతెంత లోపలికి వస్తాయో మూడింటికీ విడివిడిగా అంకెలు ఇవ్వాలి. తొందరలో నేను మూడింటికీ ఒకటే ఇచ్చాను. వెలుగు ఎంతన్నది సరిగ్గానే వచ్చింది, దాని రంగు మాత్రం లెక్కలోకి రాలేదు. అసలు అంకెలు వేసి మళ్ళీ నడిపితే తెరమీద ఉయ్యాలలన్నీ పాచి రంగులోకి మారాయి. ఆ రంగులో పిల్లల చర్మం మీది పసుపు కనబడదు.

లోపలికి వెళ్ళి డాక్టరు గారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. సువార్త గారి వైపు తిరిగి, "ఈ పది రోజుల్లో ఇంటికి పంపిన వాళ్ళెందరు?" అని అడిగారు.

తొమ్మిది మంది. ఇంటికెళ్ళిన పిల్లల్లోనూ కామెర్లు మా కంటపడకుండా పోయి ఉండొచ్చన్న ఆలోచన అప్పటిదాకా నాకు రానే లేదు.

సువార్త గారు రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. "పాలు బాగా తాగుతున్నాడా అమ్మా? ఒకసారి వాకిట్లోకి తీసుకొచ్చి కళ్ళు చూడు తల్లీ. నేను లైన్లోనే ఉంటాను." ఎనిమిది మంది బాగున్నారు. తొమ్మిదో ఫోను మోగి మోగి ఆగిపోయింది.

ఆ తొమ్మిదో వాళ్ళది కొల్లేటి లంకలో ఒక ఊరు. సువార్త గారూ నేనూ నా కారులోనే బయలుదేరాం. చెరువుగట్ల మీద చేపల లారీలు ఎదురైనప్పుడల్లా ఆగాల్సి వచ్చేది. తీరా చేరితే ఇంటికి తాళం. పక్కింటావిడ బయటికొచ్చి, "బాబుని ప్రార్థనకి తీసుకెళ్ళారండీ, చర్చి దగ్గరున్నారు," అంది.

చర్చి ఆవరణలో ఆ తల్లి బాబును భుజాన వేసుకుని నిలబడి ఉంది. సువార్త గారు దాదాపు పరుగెత్తారు. నుదురు నొక్కారు, కళ్ళు చూశారు, అరికాళ్ళు చూశారు. తర్వాత నా వైపు తిరిగి తల ఊపారు. బాబు బాగున్నాడు.

"ఏవండీ, ఇంత దూరం ఎందుకొచ్చారు?" అని ఆ అమ్మాయి అడిగింది. చెప్పాను, గాజు నేనే వేయించానని కూడా. ఆమె బాబును నాకు దూరంగా ఉన్న భుజం మీదికి మార్చుకుంది.

సాయంత్రం రెండో పరీక్షలో నాగమణి పాపకు కామెర్లు తగ్గుముఖం పట్టాయి. ఆ తర్వాత నాలుగో రోజున ఇంటికి వెళ్ళింది. ఆ వారంలోనే రంగు లేని గాజు వేయించి, గ్లేర్ రాకుండా బయట అడ్డపలకలు పెట్టించాం.

ఇప్పుడు ఏ భవనం చేతికొచ్చినా కిటికీ కొలతల కంటే ముందు ఒకటే అడుగుతాను: "ఈ గదిలో మీరు దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటారండీ?" నర్సు చర్మం చూస్తుంది, బట్టల కొట్టాయన రంగు చూస్తాడు, రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళు రొయ్య మీద మచ్చ చూస్తారు. ఈ ప్రశ్న అడగకుండా నేనిచ్చిన పాత రిపోర్టులు ఇంకా చాలా ఉన్నాయి. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో భవనానికి వెళ్ళి చూసొస్తున్నాను. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ గుమ్మం దగ్గర కాసేపు ఆగిపోతాను.