మేక తిన్న నా పెత్తనం

విజయనగరంలో ఓ బేకరీ బల్ల దగ్గర కూర్చుని, నాకు రాబోయే కొట్టు పెత్తనాన్ని నా చేతులతో నేనే మేకకు మేపిన కథ ఇది. నవ్వొస్తే నవ్వండి. తప్పు నా ఒక్కడిదేనా అన్నది మాత్రం మీరే తేల్చాలి.

పంతొమ్మిదివందల అరవై ఏడో, అరవై ఎనిమిదో సంవత్సరం. శృంగవరపుకోటలో మాది చింతపండు వ్యాపారం. కొండల మీంచి కావిళ్లతో దిగిన చింతకాయను ఒలిపించి పట్నానికి అమ్మేవాళ్లం. గోధుమరంగులో పెళుసుగా ఉండి, ముట్టుకుంటే రాలిపోయేది పెంకు. లోపల మెత్తగా ఉన్నది సరుకు. మా ఇంటి పిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే చదువు ఇదే. ఇరవై రెండేళ్లొచ్చినా నాకు అబ్బిన చదువు ఇదొక్కటేనని మా నాన్న అభిప్రాయం.

ఆ ఏడు ఆయన నన్ను మొదటిసారి విజయనగరం షావుకారు దగ్గరకు ఒంటరిగా పంపాడు. బేరం కుదుర్చుకొస్తే కొట్టు పెత్తనం నాది. లేకపోతే ఎప్పటిలా గుమ్మం పక్కన నిలబడాలి. షావుకారు మచ్చు చూసి తలూపాడు. బేరానికి ముందు టిఫిను పెడతానని బేకరీకి తీసుకెళ్లి, 'పై' అనే ఇంగ్లీషు పదార్థం నాలుగు తెప్పించాడు. లోపల బంగాళాదుంప కూరేననీ, గుడ్డు వాసన కూడా తగలదనీ ధైర్యం చెప్పాడు. ఇంతలో వీధిలో ఎవరో పలకరిస్తే బయటికి వెళ్లాడు. ఎలా తినాలో చూపించకుండా వెళ్లడం ఆయన తప్పు కాదూ?

చూశాను, గోధుమరంగు. నొక్కాను, పెళుసు. ఇంక సందేహమేముంది? నాలుగూ ఒలిచేశాను. పెద్దాయనకు శ్రమెందుకని ఆయన వంతూ నేనే ఒలిచి, కూర రెండు ప్లేట్లలో సర్ది, పెంకులన్నీ కిటికీ కింద నిలబడ్డ మేకకు వేశాను. తీరా చూస్తే కూర పిడికెడు లేదు. ఒళ్లు మండిపోయి బేకరీ యజమానిని పిలిచాను.

"ఏటిది? పెంకు బారెడు, సరుకు బెత్తెడా? ఇలాటిది మా కొట్టుకి తెస్తే గుమ్మం ఎక్కనివ్వం."

ఆయన ప్లేట్లనూ, కిటికీనీ, మేకనూ వరసగా చూశాడు. "అది పెంకు కాదు బావూ. తెల్లారగట్ల లేసి నా సేత్తో పిండి పిసికి కాల్సినాను."

"మేక తింటన్నాది కదా. మేక తినీది మనుసులకి అమ్మొచ్చేటి?"

వెనక నుంచి షావుకారు గొంతు వినిపించింది. "వారానికోపాలి దానికోసవే వస్తాను బావూ. దుంపకూర మా ఇంట్లోనూ వండుతారు."

కూర ముట్టకుండానే ఆయన వెళ్లిపోయాడు. బేరం మాట ఎత్తనే లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా ఒలిస్తే షావుకారూ పెట్టడు.

నాలుగో రోజున ఆయనే మా కొట్టుకు వచ్చి, సరుకంతా తీసుకుంటానని మా నాన్నకు మాటిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెత్తనం పీట వైపు రెండడుగులు వేశాను కూడా.

"ఒకటే షరతు," అన్నాడు షావుకారు. "ఒలుపు పని మాత్రం మీ వోడికే అప్పగించండి. ఇంత సుబ్బరంగా పెంకు తీసేవోడిని నేనెక్కడా సూడ్నేదు."

మా నాన్న నవ్వలేదు. ఒప్పుకున్నాడు.

ఆ వేసవంతా ఒలుపు ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. చేతిలో చింతకాయ పట్టుకుని, దేవుడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎదుటివాడు కొరికి చూపించేదాకా నా ముందు పెట్టినది ఏదీ ఒలవను. అరటిపండైనా సరే.