దుబాసి లేని మంగళవారం

భద్రాచలంలో లారీ ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. రెండు వేల ఆరు, జూన్ నెల. ముసురు పట్టింది. దుమ్ముగూడెం దాటి కొంత దూరం పోయాక రోడ్డు వదిలేశాం. అక్కడి నుంచి కుడివైపు అడవి, పదకొండు కిలోమీటర్ల నడక. వీపున సామాను సంచి, భుజాన రైఫిలు, చేతిలో మందుల పెట్టె. పెట్టె బరువు పద్నాలుగు కిలోలు. మూడు వాగులు దాటాం. రెండో వాగులో నీళ్లు నడుం దాకా వచ్చాయి. పెట్టెను నెత్తిన పెట్టుకున్నాను. క్యాంపు చేరేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఆరు టెంట్లు. ఇసుక మూటలు పేర్చిన కాపలా మోర్చాలు నాలుగు. చుట్టూ మూడు వరసల ముళ్లకంచె, ఒక గేటు. కంచె అవతల యాభై గజాల మేర చెట్లు కొట్టేసిన నేల, ఆ తర్వాత టేకు, తునికి, వెదురు. నేను ఆ కేంద్ర బలగాల కంపెనీకి నర్సింగ్ అసిస్టెంట్‌ని. సూదిమందు వేయడం, కట్టు కట్టడం, సెలైన్ ఎక్కించడం, రక్తం స్లైడ్ తీయడం వచ్చు. డాక్టర్ని కాదు. అయినా అందరూ 'డాక్టర్ సాబ్' అనేవారు. కాదని ఎన్నిసార్లు చెప్తాం? వారం తర్వాత మానేశాను.

ఇల్లందులో మీరంతా నన్ను అడిగేది కాల్పుల గురించి. ఆ పదహారు నెలల్లో నేను ఒక్క తూటా కూడా పేల్చలేదు. నా దగ్గర చెప్పడానికి ఉన్నది భాషల సంగతే. అది విని ఒకరిద్దరు ఆవలించారు కూడా. అయినా చెప్తాను.

క్యాంపులో ఆర్డర్లు హిందీలో. నాకు హిందీ మాట్లాడటం వచ్చేది గానీ రాయడం రాదు. ప్రమోషన్ పరీక్ష హిందీలోనే రాయాలి. మందుల డబ్బాల్లోని కాగితాలు ఇంగ్లీషులో. మంగళ, శుక్రవారాల్లో గేటు దగ్గర ఊళ్లవాళ్లకు మందులిచ్చేవాళ్లం. వచ్చేవాళ్లంతా కోయవాళ్లు. దుమ్ముగూడెం దగ్గరి ఊళ్లవాళ్లకు తెలుగు వచ్చు. మా క్యాంపు ఉన్నచోట పెద్దవాళ్లకు రాదు.

మన ఇల్లందు అంగడికి కోయవాళ్లు వస్తారు. చింతపండు, చీపుర్లు అమ్ముకుని పోతారు. వాళ్లు మనతో తెలుగులోనే మాట్లాడతారు. వాళ్ల మాట మనకెందుకు రాదని ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా నాకు తోచలేదు. సిగ్గుపడాల్సిన సంగతే.

మందులిచ్చేటప్పుడు పక్కన ఒక దుబాసి కూర్చునేవాడు. ఆ చుట్టుపక్కల ఊరి కోయ మనిషి. కోయ, తెలుగు రెండూ వచ్చు కాబట్టి క్యాంపులో పనికి పెట్టుకున్నారు. అందరం దుబాసి అనే పిలిచేవాళ్లం. మొదటి నెలలో ఒక నడివయసు ఆమె మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ కడుపునొప్పి అని, మాత్రలు తీసుకుని, ఇంకేదో చెప్పబోయి ఆగి వెళ్లిపోయింది. మూడోసారి దుబాసిని అడిగాను.

"ఏందన్నా, ఆమె బాధేంది?"

"నా ముందట చెప్పది సారూ. నేను ఆమెకు మరిదినైత. ఆడోళ్ల బాధ నాకెట్ల చెప్తది?"

ఆ రోజే పాత రోగుల రిజిస్టర్ ఒకటి తీసి వెనక పేజీల్లో గీతలు కొట్టాను. మూడు గళ్లు. కోయ రోజుకు పది మాటలు. హిందీ రోజుకు ఒక పేజీ రాత. ఇంగ్లీషు రోజుకు ఒక మందు కాగితం. అయినదానికి ఎర్ర పెన్నుతో టిక్కు. ఆదివారం పరీక్ష. గురి ఒక్కటే: అక్టోబరు ఒకటి నుంచి దుబాసి లేకుండా నేనొక్కడినే మందులివ్వాలి. ఆడవాళ్లు తమ బాధ నాతో నేరుగా చెప్పుకోవాలి. మంచి గురే. ఇప్పటికీ అదే మాట అంటాను.

కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడిని. మొదటి మాట ఏరు, అంటే వాళ్లకు నీళ్లు. పొద్దున ఐదున్నరకు వాగుకు నీళ్లు తెచ్చే పార్టీ పోయేది. దుబాసితో నడుస్తూ పది మాటలు అడిగేవాడిని. హిందీ పాఠం వంటవాడి దగ్గర. ఐదు రోజుల పాత పేపరు తెచ్చి చదివించి, చెప్పింది రాయించి, తప్పులు చూసి నవ్వేవాడు. ఇంగ్లీషుకు గురువు లేడు. మందు కాగితం, నేను, దోమలు.

జూలై మూడో వారానికి వెనకబడ్డాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గతేమిటో మీకు తెలుసు, నాకు మూడు. టిక్కులు ఆగితే మనసు గిలగిల్లాడేది. అప్పుడొక ఉపాయం పట్టాను. తేలిక మాటలు ఏరుకోవడం. కన్ను, ముక్కు, చెవి, వేలు. పది నిమిషాల్లో పది మాటలు, టిక్కు. పేజీ ఎర్రగా కళకళలాడింది.

వైర్‌లెస్ ఆపరేటర్‌ది కరీంనగర్ వైపు. నా పక్క మంచం వాడిదే. ఒక ఆదివారం రిజిస్టర్ తిరగేసి నవ్వాడు.

"పరీక్ష పెట్టేది నువ్వే, రాసేది నువ్వే, దిద్దేది నువ్వే. ఇగ ఫెయిలెట్లయితవ్ తమ్మీ?"

నాకు కోపం వచ్చింది. రిజిస్టర్ లాక్కున్నాను.

సెప్టెంబరు చివరికి ఎనిమిది వందల పైచిలుకు మాటలు. రోగిని అడగాల్సిన ప్రశ్నలన్నీ నోటికి వచ్చాయి. దుబాసి ముందు ఒప్పజెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అడుగుడు మంచిగ వచ్చింది సారూ," అన్నాడు. "ఇనుడు ఇంక రాలే. ఇంకో నాలుగు నెలలు నన్ను కూసోనీయుండ్రి."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కంపెనీ కమాండర్ దగ్గరికి వెళ్లి, దుబాసిని మందుల దగ్గర నుంచి తీసి వాగు పనికి పంపమన్నాను. ఆయన ఫైలు మీద నుంచి తల ఎత్తలేదు. "పక్కా?" అన్నారు. "పక్కా సాబ్," అన్నాను.

మందులిచ్చిన మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. పుండ్లు, దగ్గు, గజ్జి. కంటికి కనబడే రోగాలకు మాటలెందుకు? టిక్కులు పడ్డాయి.

తర్వాతి మంగళవారం. వాన తెరిపిచ్చింది. పదీ నలభైకి ఏడో మనిషి వచ్చింది. అరవై దాటిన ముసలామె. రెండు వాగుల అవతల, గుట్ట కింది గూడెం. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది.

జ్వరమా అని కోయలో అడిగాను. అవునంది. ఎన్నాళ్ల నుంచని అడిగాను. మూడు వేళ్లు చూపింది. ఆ తర్వాత ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. ఆగకుండా, రెండు నిమిషాలు. చెయ్యి గుట్టవైపు చూపించింది. నాకు అందినవి వణుకు, తిండి, నీళ్లు. మిగతాది వాగు నీళ్లలా పక్క నుంచి పోయింది. చివర ఏదో అడిగింది. నేను అవునని తల ఊపాను. ఎవరూ ఊపమనలేదు, నేనే ఊపాను.

చెయ్యి పట్టి చూశాను, చల్లగా ఉంది. మలేరియా జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది, ఇవాళ రాని రోజు అనుకున్నాను. నాకు తెలియని చోటల్లా నేనే నింపుకున్నాను. స్లైడ్ తీయడానికి వేలు చాపమన్నాను. ఆమె నా మొహం వంక చూసింది, తర్వాత చాపింది. సూదితో గుచ్చి రక్తం తీశాను. మాత్రలిచ్చి, తిన్నాక వేసుకోమని చెప్పాను. కొంగున ముడేసుకుంది. రిజిస్టర్‌లో టిక్కు పెట్టి పక్కన రాశాను: దుబాసి అవసరం పడలేదు.

ఆమె వెళ్లలేదు. గేటు అవతల కొట్టేసిన మొద్దు మీద కూర్చుంది. ముసలామె ఇంకా కూర్చునే ఉందని ఒంటిగంటకు గేటు సంత్రీ కేకేశాడు. "డాక్టర్ సాబ్, బుఢియా అభీ తక్ బైఠీ హై!"

"బైఠ్‌నే దో," కూర్చోనివ్వమన్నాను. చాలా దూరం నడవాలి, అలసట తీర్చుకుంటోంది అనుకున్నాను. సాయంత్రం చూస్తే లేదు.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి దుబాసి నా టెంటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"సారూ, మంగళారం నాడు ముసలామె వచ్చిందా?"

"వచ్చింది. జ్వరం. మందులిచ్చిన."

"జ్వరం ఆమెకు కాదు సారూ. ఇంట్ల ముసలాయనకు. మూడు దినాల సంది జ్వరం, మాట పడిపోయింది. మిమ్ముల తోల్కపోదామని వచ్చింది."

"మరి గామాట నాకు చెప్పలేదేంది?"

"చెప్పిందట. వస్తవా అని అడిగిందట. మీరు అవ్ అన్నరట."

ముసలాయన ఎట్లున్నడని అడిగాను.

"బుధారం పొద్దుగాల పోయిండు," అన్నాడు. వాగు పనికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆదివారం ఎనిమిది మందితో గస్తీ ఆ వైపు పోయింది. కమాండర్‌ని అడిగి నేనూ వెళ్లాను, దుబాసిని వెంట పెట్టుకుని. గూడెంలో పదమూడు ఇళ్లు. ఆమె వాకిట్లో ఇప్పగింజలు కొడుతోంది. నన్ను చూసి లోపలికి వెళ్లింది. టేకాకులో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి ఏదో అంది. నాకు కొంత తెలిసింది. తెలిసినట్టు తల ఊపలేదు. దుబాసి వంక చూశాను.

"నాకు జ్వరం లేదు కద, ఇవి నాకేం జేసుకోను, జ్వరం ఉన్నోళ్లకు ఇయ్యి అంటంది సారూ."

పొట్లం విప్పితే మాత్రలన్నీ ఉన్నాయి. ముసలాయనకు ఎందుకు వేయలేదని అడిగించాను. సారు రక్తం నాది తీసిండు, మందు నాకిచ్చిండు. ముసలాయన రక్తం తీసుడుకు ఎట్లాగూ వస్తనన్నడు కద, అందట. ఆమె గొంతులో కోపం లేదు. కోయలో క్షమించమని ఎలా అడగాలో నా ఎనిమిది వందల మాటల్లో లేదు. తెలుగులో అన్నాను. దుబాసి చెప్పాడో లేదో తెలియదు.

కమాండర్‌కు జరిగిందంతా చెప్పాను. మాట పడిపోయినవాడు బతికేవాడో కాదో నువ్వెలా చెప్పగలవన్నారు. నిజమే, చెప్పలేను. వెళ్లి ఉంటే మాత్రం తెలిసేది.

ఆ వారం నేను రిజిస్టర్ తెరవలేదు. ఒక మధ్యాహ్నం వైర్‌లెస్ ఆపరేటర్ సందేశం తీసుకుంటుంటే పక్కన కూర్చుని ఉన్నాను. అవతలివాడు చెప్పాడు. ఇతను రాసుకున్నాడు. రాసింది మొదటి నుంచి తిరిగి చదివాడు. అవతలి నుంచి "సహీ" అని వచ్చింది. అప్పుడు గానీ టైము వేసి సంతకం పెట్టలేదు. నాలుగు నెలలుగా ఆ పద్ధతి నా చెవిన పడుతూనే ఉంది.

"రోజూ గిట్లనే తిరిగి చదువుతవా?" అని అడిగాను.

"చదవకపోతే నేను ఇన్నదే రైటని నాకెవడు చెప్తడు?" అన్నాడు. ఆ రోజు నవ్వలేదు.

కొత్త పేజీ తీశాను. ఇంగ్లీషు గడి కొట్టేశాను. హిందీకి రోజూ అరగంట, అంతకు మించి వద్దు. కోయకు మాటల లెక్క తీసేశాను. దుబాసిని మళ్లీ పక్కన, కాస్త ఎడంగా, వీపు తిప్పి కూర్చోబెట్టాను. రోగి చెప్పింది నేను కోయలో తిరిగి చెప్పాలి. రోగి అవునంటేనే టిక్కు. కాదంటే సున్నా, దుబాసిని పిలవాలి. టిక్కు పెట్టే అధికారం నాది కాదు, అవతలి మనిషిది. మొదటి రోజు తొమ్మిది మంది. రెండు టిక్కులు, ఏడు సున్నాలు. అంతకు ముందు పేజీలన్నీ ఎంత అబద్ధమో ఆ ఏడు సున్నాలు చెప్పాయి. జనం నవ్వేవాళ్లు, తిరిగి చెప్పేవాళ్లు, నన్ను దిద్దేవాళ్లు. మంచి గురువులు.

హిందీ పరీక్ష ఆ ఏడు తప్పాను. ఫిబ్రవరిలో కడుపునొప్పి ఆమె మళ్లీ వచ్చింది. దుబాసిని లేచి దూరంగా పొమ్మని తనే చెప్పింది. ఆమె చెప్పింది నాలుగుసార్లు తిరిగి చెప్పించుకుని, రోడ్డు మీది దవాఖానాకు చీటీ రాసి పంపాను. నెల తర్వాత నడిచి వచ్చి, తగ్గిందని చెప్పి వెళ్లింది. వేసవికి సున్నాలు తగ్గాయి. పూర్తిగా ఏనాడూ పోలేదు.

రెండు వేల ఏడు అక్టోబరులో బదిలీ అయింది. అదే దారిన పదకొండు కిలోమీటర్లు నడిచి, లారీలో భద్రాచలం, బస్సులో కొత్తగూడెం, టేకులపల్లి మీదుగా ఇల్లందు చేరాను. బస్టాండు దగ్గర మీలోనే ఒకరు నా భుజం చరిచి, "మస్తు భాషలు నేర్చుకున్నవటగదరా?" అన్నారు. అవ్ అనబోయి, నోరు మూసుకున్నాను.

ఒక్కటి మాత్రం ఇంతవరకు ఏ పేజీలోనూ రాయలేదు. ఆ మంగళవారం మూడు గంటలకు ఫాలిన్ విజిల్ పడింది. హాజరుకు అందరం వరసలో నిలబడాలి. నేను బూట్లు తొడిగి, లేసులు బిగించి, టోపీ పెట్టుకుని టెంటు బయటికి వచ్చాను. కంచె అవతల ఆమె నన్ను చూసింది. గబగబా లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. గుట్ట దారి వైపు నాలుగడుగులు ముందుకు నడిచి, వస్తున్నానా లేదా అని ఆగి వెనక్కి తిరిగింది. నేను వెళ్లి వరసలో నిలబడ్డాను.