రమణ వంతు నీళ్లు

మా వీధిలోకి వచ్చే కూరగాయలతను సంచిలో వంకాయలు పోశాక, అడక్కుండానే ఓ కరివేపాకు రెబ్బ పైన పడేస్తాడు. నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ వంటింట్లో నిలబడి దాన్ని దూస్తుంటే వాసన బాగానే వస్తుంది గానీ, నా ముక్కు మాత్రం అందులో ఇంకో వాసన కోసం వెతుకుతుంది. తడిసిన ఇసుక, సున్నిపిండి, కుంకుడు నురగ కలిసిన వాసన. మా ఇంటి కరివేపాకుకు అది ఉండేది. ఉండదూ మరి, మా చెల్లెలు రమణ స్నానం చేసిన నీళ్లు తాగి పెరిగిన చెట్టు అది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు మాది. పెరట్లో బావి ఉన్నా ఆ ఉప్పునీళ్లు నోట్లో పెట్టుకోలేం. తియ్యటి నీళ్లు ఇసుక దిబ్బ మీద తవ్విన దొరువులోనే ఊరేవి. చిప్పతో తోడి, బిందె నింపి, కాళ్లు కూరుకుపోయే ఇసుకలో మోసుకొచ్చిన నీళ్లు కాబట్టి, నాయన తల్లి, మా జేజి, ఇంట్లో వాటికి కాపలా కూర్చునేది. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి, చేపలు కడిగిన నీళ్లు సొరపాదుకు, గిన్నెలు తొలిచిన నీళ్లు అరటి మొదట్లోకి. మామిడికాయ వేసిన చేపల పులుసు లొట్టలేసుకుంటూ తిన్నాక చెయ్యి కడుక్కోవాలన్నా సొరపాదు దగ్గరికే పోవాలి. రోహిణి కార్తెలో ఎవరైనా చెంబుడు నీళ్లు ఒలకబోశారో, ఆ పూటంతా ఇంట్లో జేజి గొంతు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. కార్తీకంలో వాయుగుండం పట్టి వాన దంచితే మాత్రం ఆమె ముఖం చూడాలి. చూరు కింద ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, ఆఖరికి ఉగ్గుగిన్నెతో సహా వరసగా పెట్టించేది. వాటిలో చినుకులు పడే చప్పుడు వింటూ మేం గడపలో కూర్చుని ఉలవగుగ్గిళ్లు తినేవాళ్లం.

స్నానాలగది మా ఇంట్లో లేదు. బావినీళ్లకు సబ్బు నురగ రాదని, పిల్లలకు తలా ఓ చిన్న కడవ దొరువు నీళ్లు ఇచ్చేవాళ్లు. ఆ నీళ్లు వృథా పోకుండా జేజి తలా ఓ చెట్టు మొదట్లో రాయి వేయించింది. మా అన్నది అరటి, నాది నిమ్మ, రమణది కరివేపాకు. ఎవరి రాయి మీద వాళ్లు పోసుకోవాలి. నేనూ అన్నా చలికి వంకలు పెట్టి తప్పించుకునేవాళ్లం గానీ, రమణ ఒక్కపూట మానేది కాదు. మొక్క పక్కన నిలబడి ఎవరు పొడుగో చూడమని దారినపోయేవాళ్లను కూడా పిలిచేది. ఆ మురిపెం చూసి జేజి ఓ చెంబు ఎక్కువ పోసినా పోసేది.

ఓ యేడు వానలు వెనకబట్టాక ఊళ్లో జ్వరాలు వచ్చాయి. అందరికీ తగ్గింది, రమణకు తగ్గలేదు. ఆసుపత్రికి తీసుకుపోయే ముందు వసారాలో పడుకోబెడితే, అక్కణ్ణుంచి పెరడు వైపే చూస్తూ అడిగింది.

"అమ్మా, నా చెట్టుకి నీళ్లెవురు పోస్తారు?"

"నీ వంతు నేను పోస్తాలే తల్లీ. కండ్లు మూసుకో."

రమణ మళ్లీ ఇంటికి రాలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ ఆ చిన్న కడవ నింపుకుని కరివేపాకు దగ్గరికి పోయింది. బిడ్డకు తలంటినట్టే, ముందు ఆకుల మీద కొంచెం చల్లి, తర్వాత మొదట్లో నిదానంగా పోసింది. చెంబుడు నీళ్లకు వీధి ఎగరగొట్టే జేజి, గడపలోంచి లేచొచ్చి తనే ఇంకో చెంబు అందించింది. కొన్నేళ్లకు చెట్టు మా ఇంటి చూరు దాటింది. ఊళ్లో ఎవరింట్లో తాలింపు పడాలన్నా రెబ్బకు మా ఇంటికే వచ్చేవాళ్లు.

తర్వాత ఉప్పునీళ్లు పెట్టే రొయ్యల గుంటలొచ్చాయి. పక్క పొలాలన్నీ గుంటలయ్యాక మా మడిలోకీ ఉప్పు ఊరి, నారు ఎర్రబడి, నాయన కూడా చేసేది లేక గుంటలవాళ్లకే కౌలుకిచ్చేశాడు. కొన్నాళ్లకు దిబ్బ మీది దొరువు కూడా ఉప్పగా మారింది. ఆ నీళ్లు నోట్లో పోసుకుని జేజి ఉమ్మేయలేక మింగలేక నిలబడ్డ తీరు నేను మర్చిపోలేను. ఇక ట్యాంకరు వచ్చినరోజే నీళ్లు, మనిషికింత అని వంతులు. అమ్మ తన వంతు తెచ్చి చెట్టుకు పోసేది. తాను ఉప్పునీళ్లే పోసుకునేది. నిగనిగలాడే ఆమె జుట్టు కొబ్బరిపీచులా అయిపోయింది.

"తాగేదానికే చాలకుంటే చెట్టుకు పోస్తుండావేంది?" అని నాయన కసిరాడు.

"మీ వంతేం ముట్టుకోలా. మాటిచ్చుండా దానికి."

మర్నాటి నుంచి నాయన ఎక్కడెక్కడో తిరిగి, సైకిలుకు క్యాను కట్టుకుని మంచినీళ్లు తెచ్చి, కరివేపాకు పక్కన పెట్టిపోయేవాడు. రమణ పేరు ఎత్తని మనిషి ఆయన. కానీ పైనుంచి ఎంత పోసినా కింద వేళ్లకు అందేది ఉప్పే కదా. ఆకు అంచులు మాడాయి, కొమ్మలు ఎండాయి. అమ్మ రోజూ పొద్దున్నే గోటితో బెరడు గీకి లోపల పచ్చగా ఉందో లేదో చూసుకునేది. ఒకరోజు గీకి, ఇంకొంచెం కిందికి గీకి, మొదలుదాకా గీకి, ఆ రాయి మీద కూలబడింది. రమణ పోయినరోజు కూడా అమ్మ అంత ఏడుపు ఏడవలేదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు, దాని మీద కూడా గుంటే. జేజి, నాయన లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నీళ్లు శుద్ధిచేసే మిషను వదిలే నీళ్లు నేను బకెట్లో పట్టి ఇల్లు తుడుస్తాను, బట్టలు జాడించిన నీళ్లు మరుగుదొడ్డికి వాడతాను. జేజి నేర్పిన అలవాటు పోలేదు. అమ్మకు మాత్రం ఈమధ్య చాలా సంగతులు గుర్తుండటం లేదు. నన్ను ఒక్కోసారి జేజి అనుకుని అత్తా అని పిలుస్తుంది. అయినా స్నానం చేసినప్పుడల్లా బకెట్లో అడుగున ఓ చెంబుడు నీళ్లు మిగిల్చి, తడితలతోనే తెచ్చి, రమణ చెట్టుకు పొయ్యమని నా చేతిలో పెడుతుంది. ఆమె కోసం కుండీలో కరివేపాకు పెంచి చూశాను. "ఇది దానిది గాదు మే," అని చెంబు వెనక్కి లాక్కుంది. మా మెట్ల కింద జానెడు మట్టి లేదు, గేటు దాకా అంతా సిమెంటే. చెంబు తీసుకుని గదిలోంచి బయటికి పోతాను, ఇల్లు తుడిచే బకెట్లో ఒంపుతాను, వెనక్కి వస్తాను.

"పోసొచ్చినావా మే?"

"పోసినానమ్మా."

"ఇంకిందా?"

"ఇంకిందమ్మా."

ఆ మాట విన్నాకే తల తుడుచుకోవడానికి తువ్వాలు అందుకుంటుంది.